రుసుము లేని కోర్టులు: ప్రజా ఉద్యానవనాల్లో టెన్నిస్

వింబుల్డన్‌లో, యు.ఎస్. ఓపెన్‌లో విజేతలుగా నిలిచినవారిలో పలువురు తొలి పాఠాలు నేర్చుకున్నది క్లబ్బుల్లో కాదు. నగరపాలక సంస్థ పార్కులో వేయించిన సిమెంటు నేల మీద, ఎవరైనా వచ్చి ఆడుకోగల కోర్టుల్లో వారు రాకెట్ పట్టారు. బిల్లీ జీన్ కింగ్, ఆర్థర్ ఆష్, వీనస్, సెరీనా విలియమ్స్ ఈ కోవకు చెందినవారే. సంపన్నుల వినోదంగా పుట్టిన ఆటను సామాన్యుల ముంగిటికి తెచ్చిన ఘనతలో ఈ ప్రజా కోర్టులకు పెద్ద వాటా ఉంది. అయితే అవి అన్ని కాలాల్లోనూ అందరివీ కాలేదు. ఒకప్పుడు చర్మపు రంగు అడ్డుగా నిలిచింది. ఇప్పుడు నిర్వహణ ఖర్చు, స్థలాభావం కొత్త ప్రశ్నలను లేవనెత్తుతున్నాయి. అమెరికాలో బలంగా వేళ్లూనిన ఈ వ్యవస్థ పుట్టుక, పనితీరు, ప్రస్తుత స్థితి, భారతదేశంలో దాని కొరత గురించిన వివరాలివి.

పచ్చిక నుంచి సిమెంటు నేలకు

ఆధునిక టెన్నిస్ ఇంగ్లాండులో రూపుదిద్దుకుంది. మేజర్ వాల్టర్ క్లాప్టన్ వింగ్‌ఫీల్డ్ 1874లో ఈ ఆట సామగ్రికి, పద్ధతికి పేటెంటు పొందారు. మూడేళ్లకు, 1877లో, వింబుల్డన్‌లో తొలి పోటీలు జరిగాయి. ఆటకు కావలసింది చదునైన పచ్చిక. దానిని నిత్యం కత్తిరించాలి, తడపాలి, రోలరుతో అణచాలి. సొంత తోట ఉన్న కుటుంబాలకు, సభ్యత్వ రుసుముతో నడిచే క్లబ్బులకు మాత్రమే అది సాధ్యమయ్యేది. అందువల్ల తొలి దశాబ్దాల్లో టెన్నిస్ ఆడేవారి సంఖ్యను నిర్ణయించింది ఆట కష్టం కాదు, నేల ఖరీదు.

అమెరికా పశ్చిమ తీరంలోని కాలిఫోర్నియాలో పరిస్థితి వేరు. అక్కడ వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. పచ్చిక పెంచడం భారం. సిమెంటు, తారు నేలలైతే ఏడాది పొడవునా ఆడవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కులో పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే టెన్నిస్ కోర్టులు వెలిశాయి. అక్కడ ఆడి ఎదిగిన మారిస్ మెక్‌లాఫ్లిన్ 1912, 1913 సంవత్సరాల్లో అమెరికా జాతీయ విజేతగా నిలిచారు. గట్టి నేల మీద బంతి వేగంగా, ఎత్తుగా లేస్తుంది. ఆ నేల మీద అలవడిన ఆయన మెరుపు సర్వ్, వల వద్దకు దూసుకువచ్చే ఆటతీరు తూర్పు తీరపు పచ్చిక క్లబ్బులను ఆశ్చర్యపరిచాయి.

ఆ తరువాత అదే ప్రాంతం నుంచి మరికొందరు వచ్చారు. ఓక్లాండులోని బుష్‌రాడ్ పార్కులో ఆట నేర్చిన డాన్ బడ్జ్ 1938లో ఒకే ఏడాది నాలుగు ప్రధాన టైటిళ్లూ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి క్రీడాకారుడయ్యారు. గోల్డెన్ గేట్ పార్కులో సాధన చేసిన ఆలిస్ మార్బుల్ 1939లో వింబుల్డన్ సింగిల్స్ నెగ్గారు. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలు గల కుటుంబంలో పుట్టిన పాంచో గొంజాలెస్ ఎక్స్‌పొజిషన్ పార్కు కోర్టుల చుట్టూ తిరుగుతూ, ఇతరుల ఆట చూసి నేర్చుకుని 1948, 1949లలో జాతీయ విజేత అయ్యారు.

డేవిస్ కప్ దాత, పార్కుల కమిషనర్

ప్రజా కోర్టుల చరిత్రలో తరచూ మరుగున పడే పేరు డ్వైట్ డేవిస్‌ది. 1900లో మొదలైన డేవిస్ కప్ పోటీలకు వెండి పాత్రను బహూకరించిన వ్యక్తిగా ఆయన లోకానికి తెలుసు. స్వయంగా సంపన్న కుటుంబీకుడు, క్లబ్బుల్లో ఆడినవాడు. అయినా 1911 నుంచి 1915 వరకు సెయింట్ లూయిస్ నగర పార్కుల కమిషనర్‌గా పనిచేసిన కాలంలో ఆయన పౌరుల కోసం పార్కుల్లో టెన్నిస్ కోర్టులు వేయించారు. అమెరికాలో నగరపాలక సంస్థ నిర్మించిన తొలి కోర్టుల్లో అవి కూడా చేరతాయి. ఆ నగరంలోని ఫారెస్ట్ పార్కు టెన్నిస్ కేంద్రం నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

అప్పటివరకు నగర పార్కులంటే నడిచి చూసి వెళ్లవలసిన అలంకార వనాలన్న భావన బలంగా ఉండేది. పౌరులు అందులో చెమటోడ్చి ఆడుకోవచ్చునన్న ఆలోచన ఆ కాలంలోనే పాలకుల్లో నాటుకుంది. 1923 నుంచి ప్రజా పార్కుల క్రీడాకారుల కోసమే ప్రత్యేకంగా జాతీయ పోటీలు జరగసాగాయి. 1930లలో ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపివేసినప్పుడు, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకాల కింద దేశమంతటా పార్కులు, ఆటస్థలాలు, వాటితోపాటు టెన్నిస్ కోర్టులు పెద్ద సంఖ్యలో నిర్మితమయ్యాయి.

కోర్టుతోపాటు నేర్పేవారు కూడా అవసరమని కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరం గుర్తించింది. అక్కడి పార్కుల్లో క్లైడ్ వాకర్ అనే శిక్షకుడు నగరం తరఫున పిల్లలకు ఉచితంగా టెన్నిస్ నేర్పేవారు. 1954లో ఆయన వద్దకు వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కుటుంబపు పదకొండేళ్ల బాలిక బిల్లీ జీన్. చిన్నాచితకా పనులు చేసి కూడబెట్టిన ఎనిమిది డాలర్లతో ఆమె తొలి రాకెట్ కొనుక్కుంది. మహిళా క్రీడాకారులకు సమాన పారితోషికం కోసం తరువాతి కాలంలో పోరాడిన ఆమె తొలి పాఠాలకు చెల్లించిన రుసుము ఏమీ లేదు.

ఉచితం, కానీ అందరికీ కాదు

వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్మండ్‌లో 1940లలో రెండు రకాల పార్కులుండేవి. శ్వేతజాతీయులకు బర్డ్ పార్కు. నల్లజాతీయులకు బ్రూక్ ఫీల్డ్. బ్రూక్ ఫీల్డ్ సంరక్షకుడిగా నగరం నియమించిన వ్యక్తి కుమారుడే ఆర్థర్ ఆష్. పార్కు లోపలి ఇంట్లోనే ఆ కుటుంబం నివసించేది. ఇంటి వాకిలి దాటితే కోర్టులు. విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉంటూ అక్కడ శిక్షకుడిగా పనిచేసిన రాన్ ఛారిటీ ఆ బాలుడికి ఆట నేర్పారు. నగరంలోని మెరుగైన కోర్టులున్న బర్డ్ పార్కులో మాత్రం అతడికి ప్రవేశం దొరకలేదు. పన్నుల సొమ్ముతో నడిచే పార్కు అది. అయినా ద్వారం మూసే ఉంది.

ఆష్ 1968లో యు.ఎస్. ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచారు. పురుషుల సింగిల్స్‌లో ఈ టైటిళ్లు సాధించిన తొలి నల్లజాతీయుడు ఆయనే. 1969లో మరో ఇద్దరితో కలిసి నగరాల్లోని పేద పిల్లలకు పార్కుల్లో టెన్నిస్ నేర్పే జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించారు. అది నేటికీ సాగుతోంది. ఆయన ఆడి పెరిగిన బ్రూక్ ఫీల్డ్ మాత్రం మిగలలేదు; ఆ స్థలంలో తరువాత నగర ప్రధాన తపాలా కార్యాలయం వెలసింది. 2019లో రిచ్మండ్ తన ప్రధాన రహదారుల్లో ఒకదానికి ఆష్ పేరు పెట్టింది.

మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో టెన్నిస్ కోర్టు ఏకంగా పౌరహక్కుల పోరాట వేదిక అయింది. 1948 జులై 11న డ్రూయిడ్ హిల్ పార్కులో శ్వేతజాతీయులకు ప్రత్యేకించిన కోర్టుల్లోకి నల్లజాతి, శ్వేతజాతి క్రీడాకారులు కలిసి ప్రవేశించి ఆట మొదలుపెట్టారు. పోలీసులు ఆపమన్నా ఆపలేదు. కోర్టు మీదే కూర్చుండిపోయినవారిని మోసుకుపోయి అరెస్టు చేశారు. ఇరవై మందికి పైగా నిర్బంధితులయ్యారు. కొందరికి శిక్షలు పడ్డాయి. ప్రసిద్ధ పాత్రికేయుడు హెచ్.ఎల్. మెంకెన్ అదే ఏడాది నవంబరులో ఈవెనింగ్ సన్ పత్రికలో రాసిన తన చివరి వ్యాసంలో ఈ నిషేధాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. అదే నగరానికి చెందిన స్నానతీరాల కేసులో 1955 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు, ప్రజా వినోద స్థలాల్లో జాతి వివక్ష చెల్లదన్న తీర్పును ఖరారు చేసింది.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఆల్థియా గిబ్సన్ కథ కూడా వీధిలోనే మొదలైంది. పిల్లలు ఆడుకునేందుకు వాహనాల రాకపోకలు ఆపివేసిన వీధిలో ఆమె చెక్క బ్యాటుతో ఆడే పాడిల్ టెన్నిస్ నేర్చింది. 1950 నాటికి ఆమె ప్రతిభ అందరికీ తెలిసినా జాతీయ పోటీలకు ఆహ్వానం రాలేదు. అప్పుడు ఒక టెన్నిస్ పత్రికలో బహిరంగ లేఖ రాసి నిర్వాహకులను నిలదీసినది గోల్డెన్ గేట్ పార్కులో ఎదిగిన ఆలిస్ మార్బుల్. ఆ ఏడాదే గిబ్సన్‌కు ప్రవేశం లభించింది. 1957, 1958లలో ఆమె వింబుల్డన్ గెలిచారు.

కోర్టు కొలతలు, పోషణ

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కు 36 అడుగులు. వల మధ్యలో మూడు అడుగులు, స్తంభాల వద్ద మూడున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. గీతల వెలుపల పరుగెత్తేందుకు వదిలే జాగాను కలుపుకుంటే ఒక్కో కోర్టుకు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, అంటే 7,200 చదరపు అడుగులు కావాలి. మన లెక్కలో అది సరిగ్గా 800 గజాలు. ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో పడకుండా కోర్టును సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. వాన నీరు నిలవకుండా నేలకు కంటికి కనిపించనంత వాలు ఇస్తారు.

పార్కుల్లో ఎక్కువగా కనిపించేది తారు లేదా కాంక్రీటు పునాదిపై రంగు పూత వేసిన గట్టి నేల. చూడటానికి దృఢంగా ఉన్నా దానికి శత్రువులు ఎక్కువ. చెట్ల వేళ్లు అడుగు నుంచి నేలను పైకి లేపుతాయి. చలి దేశాల్లో పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి వాటిని మరింత వెడల్పు చేస్తుంది. వాడకాన్ని బట్టి సుమారు నాలుగు నుంచి ఎనిమిదేళ్లకొకసారి పైపూత కొత్తగా వేయవలసి ఉంటుంది. ఆ ఖర్చును వాయిదా వేసిన కొద్దీ పగుళ్లు పునాదిని చేరతాయి. అప్పుడు పూత చాలదు, కోర్టునే తిరిగి కట్టాలి. ఎండకు, వానకు చిరిగిపోకుండా కొన్ని పార్కుల్లో నూలు వలకు బదులు ఇనుప తీగల వల బిగిస్తారు. బంతి తగిలితే అది గణగణమని మోగుతుంది.

కాపలాదారు లేని కోర్టులో కట్టుబాట్లు

ఉచిత కోర్టులో అంపైరు ఉండడు. చాలాచోట్ల సిబ్బంది కూడా ఉండరు. ఆట సాగేది పరస్పర మర్యాద మీద. ఫలకంపై రాసి ఉన్నా లేకున్నా అందరూ పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి. ముందు వచ్చినవారికి ముందు అవకాశం. ఎదురుచూసేవారు లేకపోతే ఎంతసేపైనా ఆడవచ్చు. ఉంటే సింగిల్స్ ఆడేవారు సుమారు గంటకు, డబుల్స్ ఆడేవారు మరికాస్త సేపటికి ఖాళీ చేయాలి. గడువు ఎంత అన్నది ఒక్కో నగరంలో ఒక్కో తీరు. పక్క కోర్టు వెనుకగా దాటవలసి వస్తే అక్కడి పాయింటు ముగిసేదాకా ఆగాలి. పక్కవారి బంతి దొర్లి వస్తే ఆట ఆగాక వారికి అందించాలి. నేలకు మరక అంటించని టెన్నిస్ బూట్లతోనే దిగాలి. డబ్బు తీసుకుని శిక్షణ ఇవ్వాలంటే దాదాపు అన్ని నగరాల్లోనూ ముందస్తు అనుమతి తప్పనిసరి.

బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అని చెప్పే బాధ్యత అది ఎవరి వైపు పడిందో వారిదే. గీతను ఏ కొంచెం తాకినా అది లోపలి బంతే. అనుమానం ఉంటే ప్రత్యర్థికే అనుకూలంగా చెప్పాలి. అంపైరు లేని పోటీలకు అంతర్జాతీయ స్థాయిలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. తనకు నష్టమైనా నిజం చెప్పే అలవాటును పిల్లలకు నేర్పే చోటుగా పార్కు కోర్టులను పెద్దలు మెచ్చుకునేది ఇందుకే.

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు కూడా ఈ కోర్టులు కాలక్షేపానికి అనువైనవే. అయితే ‘పబ్లిక్’ అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి కోర్టూ ఉచితం కాదు. పాఠశాలల ఆవరణలోని కోర్టులు తరగతుల వేళ బయటివారికి అందుబాటులో ఉండవు. నివాస సముదాయాల కోర్టులు ఆ నివాసితులకే పరిమితం. వెళ్లే ముందు నగర పార్కుల విభాగం నియమాలు చూసుకోవడం మేలు.

రుసుముపై వాదం

నిర్వహణ భారం పెరిగే కొద్దీ నగరాలు రుసుము వైపు మొగ్గుతున్నాయి. న్యూయార్క్ నగర పార్కుల్లో ఏప్రిల్ నుంచి నవంబరు వరకు సాగే సీజనులో ఆడాలంటే అనుమతి పత్రం కొనుక్కోవాలి; పిల్లలకు, వృద్ధులకు ధర బాగా తక్కువ. గోల్డెన్ గేట్ పార్కు కోర్టులను దాతల విరాళాలతో పునర్నిర్మించి 2021లో తిరిగి తెరిచారు. కొత్త కేంద్రంలో దీపాలున్నాయి, శిక్షణ ఉంది; ఆడేందుకు రుసుము కూడా ఉంది.

బ్రిటన్‌లో పాడుబడిన పార్కు కోర్టుల పునరుద్ధరణకు ప్రభుత్వం, అక్కడి లాన్ టెన్నిస్ సంఘం కలిసి 3 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చించే పథకం చేపట్టాయి. సుమారు 3 వేల కోర్టులను బాగుచేయడం దాని లక్ష్యం. చాలాచోట్ల ద్వారానికి సంకేత సంఖ్యతో తెరుచుకునే తాళం అమర్చి, ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు పద్ధతి తెచ్చారు. వారానికోసారి ఉచిత శిక్షణ తరగతులు నడుపుతూ, మిగతా వేళల్లో కొన్ని చోట్ల స్వల్ప రుసుము వసూలు చేస్తున్నారు.

ముందస్తు నమోదు వల్ల గంటల తరబడి వేచి ఉండే పని తప్పుతుంది. వచ్చిన సొమ్ము మరమ్మతులకు ఉపకరిస్తుంది. ఈ వాదనలో నిజం ఉంది. అవతలి వాదనలోనూ నిజం ఉంది. రాకెట్ పట్టుకుని ఊరికే పార్కుకు వచ్చి, గోడకు బంతి కొడుతూ, ఎవరైనా పిలుస్తారేమోనని చూసే పిల్లవాడికి ఫోనులో నమోదు, బ్యాంకు కార్డుతో చెల్లింపు పెద్ద అడ్డంకులు. గొంజాలెస్ ఆట నేర్చింది అలా తిరుగుతూనే.

రుసుముతోపాటు స్థలానికీ పోటీ వచ్చింది. 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టిన పికిల్‌బాల్ గత కొద్ది సంవత్సరాల్లో అమెరికాలో వేగంగా వ్యాపించింది. దాని కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అంటే మన షటిల్ డబుల్స్ కోర్టు అంతే. ఒక టెన్నిస్ కోర్టు జాగాలో నాలుగు పికిల్‌బాల్ కోర్టులు వేయవచ్చు. నలుగురు ఆడేచోట పదహారు మంది ఆడతారన్న లెక్క నగరపాలక సంస్థలకు నచ్చుతోంది. గట్టి బ్యాటుకు ప్లాస్టిక్ బంతి తగిలే చప్పుడు గురించి ఇరుగుపొరుగు ఇళ్లవారు, పోతున్న కోర్టుల గురించి టెన్నిస్ ఆడేవారు అభ్యంతరం చెబుతున్నారు. ఒకే నేలపై రెండు రంగుల గీతలు వేసి, వేళలు పంచడం పలు నగరాలు ఎంచుకున్న మధ్యేమార్గం.

భారతదేశంలో పరిస్థితి

భారతదేశానికి టెన్నిస్ బ్రిటిష్ అధికారుల వెంట వచ్చింది. జిమ్‌ఖానాలు, సివిల్ స్టేషన్ల క్లబ్బులు దానికి నెలవయ్యాయి. ఆట దేశవాళీ ప్రతిభను త్వరగానే వెలికితీసింది. గౌస్ మహమ్మద్ 1939లో వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్ చేరారు. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో సెమీ ఫైనల్ ఆడారు. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచారు. అయితే నేల మాత్రం చాలావరకు క్లబ్బుల చేతుల్లోనే ఉండిపోయింది. సభ్యులతో ఆడేందుకు, బంతులు అందించేందుకు క్లబ్బులు మార్కర్లను, బాల్ బాయ్‌లను నియమించుకునేవి. పేద కుటుంబాల పిల్లలకు కోర్టులోకి ఉన్న దారి తరచూ ఆ కొలువే.

నేడు క్రీడా ప్రాధికార సంస్థల స్టేడియాలు, నగరాభివృద్ధి సంస్థల క్రీడా సముదాయాలు, ప్రైవేటు అకాడమీలు టెన్నిస్‌కు చోటిస్తున్నాయి. వాటిలో చాలావాటికి నెలవారీ లేదా గంటల లెక్కన రుసుము ఉంటుంది. బెంగళూరులోని కబ్బన్ పార్కులో టెన్నిస్ స్టేడియం ఉన్నా అది రాష్ట్ర టెన్నిస్ సంఘం నిర్వహణలో నడిచేది. తెలుగు రాష్ట్రాల నగర పార్కుల్లో నడక బాటలు, వ్యాయామ పరికరాలు, అక్కడక్కడ షటిల్ కోర్టులు కనిపిస్తాయి. ఎవరైనా వచ్చి ఆడుకోగల టెన్నిస్ కోర్టు అరుదు.

కారణం అర్థం చేసుకోదగినదే. నగరంలో 800 గజాల స్థలాన్ని ఒకేసారి నలుగురి ఆటకు కేటాయించడానికి ఏ పురపాలక సంఘమైనా వెనకాడుతుంది. దానికి తోడు రాకెట్, బూట్ల ఖర్చు ఉంది. బంతుల డబ్బా తెరిచిన కొద్ది రోజులకే లోపలి గాలి ఒత్తిడి తగ్గి బంతి ఎగరడం మానేస్తుంది, మళ్లీ కొనాలి. కోర్టు ఉచితమైనంత మాత్రాన ఆట ఉచితం కాదు. అందుకే లాంగ్ బీచ్ వంటి నగరాలు నేలతోపాటు శిక్షకుడిని కూడా ఇచ్చాయి. ఆష్ ప్రారంభించిన కార్యక్రమం వంటివి పిల్లల చేతికి రాకెట్లు కూడా అందించాయి.

పూర్తి కోర్టుకు తావు లేని పార్కులకు ఒక ప్రత్యామ్నాయం ఉంది. వల ఎత్తున గీత గీసిన సాధన గోడ ఒకటి, దాని ముందు కొన్ని గజాల గట్టి నేల. పాశ్చాత్య నగరాల పార్కుల్లో కోర్టుల పక్కన ఇవి విరివిగా ఉంటాయి. దానికి వల అక్కరలేదు, ఎదుటి ఆటగాడు అక్కరలేదు, ముందస్తు నమోదు కూడా అక్కరలేదు. పాత బంతి, అరువు రాకెట్ ఉంటే చాలు, ఒంటరిగా వచ్చిన పిల్లవాడు కూడా ఆడుకోగలడు.